ముద్దను కరిగిస్తే జబ్బు పోతుందా? కణంలో ప్రొటీన్ల రాకపోకల గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మీ నాన్నగారికి పార్కిన్సన్స్ అని తేలింది. మెదడు కణాల్లో ఒక ప్రొటీన్ ముద్దకట్టడం ఈ జబ్బులో కనిపిస్తుందని డాక్టరు చెప్పారు. కణాలకు తమ చెత్తను తామే ఎత్తిపోసుకునే ఏర్పాటు ఉందని మీరు ఎక్కడో చదివారు. అలాంటప్పుడు ఆ ఏర్పాటును మందుతోనో ఉపవాసంతోనో చురుకు చేస్తే ముద్ద పోదా? ఆయన తినే ప్రొటీన్ తగ్గించాలా?

నేను వైద్యుణ్ని కాను. ప్రొటీన్లు ఎలా మడతపడతాయన్న విషయం మీద ఇరవై ఏళ్లకు పైగా ల్యాబులో పనిచేసినవాణ్ని. సూటిగా చెప్పాలంటే, తినే ప్రొటీన్‌కీ మెదడులోని ముద్దకీ సంబంధం లేదు. ఇక ఎత్తిపోత పెంచడం సంగతి: కొన్ని జబ్బుల్లో అది మంచి ఆలోచనే, మరికొన్నింటిలో మాత్రం అతిగా ఎత్తిపోయడమే అసలు జబ్బు. ఈ రెండో మాట వింతగా అనిపిస్తుంది కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

కణంలో ప్రొటీన్లు ఒకసారి తయారై, అరిగిపోయేదాకా అలాగే ఉంటాయని మనం అనుకుంటాం. 1930ల దాకా శాస్త్రవేత్తలూ దాదాపు అలాగే అనుకున్నారు. రుడాల్ఫ్ షోన్‌హైమర్ అనే జీవరసాయనవేత్త నత్రజని-15 అనే బరువైన నత్రజనితో గుర్తుపెట్టిన అమైనో ఆమ్లాలను (ప్రొటీన్లను కట్టే చిన్న ముక్కలివి) ఎలుకలకు తినిపించి చూశాడు. అప్పటి నమ్మకం ప్రకారం తిన్నది ఇంధనంలా ఖర్చయి మూత్రంలో బయటపడాలి. కానీ అందులో పెద్ద వంతు ఎలుక ఒంట్లోని ప్రొటీన్లలో కలిసిపోయింది, ఎలుక బరువు మాత్రం పెరగలేదు. అంటే కొత్తది వచ్చి చేరినంత మేర పాతది పోతూనే ఉందన్నమాట. ఇప్పటి లెక్కల్లో, పెద్దవాళ్ల శరీరం రోజుకు సుమారు 250 నుంచి 300 గ్రాముల ప్రొటీన్ కొత్తగా తయారుచేస్తుంది, ఇంచుమించు అంతే విరగ్గొడుతుంది. తిండి ద్వారా వచ్చేది అందులో మూడో వంతో నాలుగో వంతో. మిగతాదంతా పాత ప్రొటీన్లను విరిచి తీసిన అమైనో ఆమ్లాలతోనే కట్టుకుంటుంది.

అన్నింటికీ ఒకే ఆయుష్షు ఉండదు. కాలేయంలో ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ అనే ఎంజైము గంటసేపు నిలిస్తే గొప్ప. ఎర్ర రక్తకణంలోని హీమోగ్లోబిన్ ఆ కణంతో పాటు 120 రోజులు బతుకుతుంది. కంటి కటకం నడిమధ్యలో ఉండే క్రిస్టలిన్లు మనం పుట్టకముందే తయారై, మనతోనే పోతాయి. వాటిని మార్చే దారి లేదు. వయసుతో శుక్లాలు రావడానికి ఒక కారణం ఇదే.

పి53 అనే ప్రొటీన్ సంగతి చూడండి. మామూలు కణంలో అది తయారైన ఇరవై నిమిషాలకల్లా సగం విరిగిపోతుంది. ఇంత కష్టపడి తయారుచేసి వెంటనే పారేయడం ఎందుకు? ఒక తొట్టి ఊహించుకోండి. పైన కొళాయి ధారగా వదిలి ఉంది, అడుగున తూము తెరిచి ఉంది, నీళ్లు ఎప్పుడూ అడుగంటే ఉన్నాయి. నీటిమట్టం హఠాత్తుగా పెరగాలంటే కొళాయి ముట్టనక్కర్లేదు, తూము మూస్తే చాలు. డీఎన్‌ఏ దెబ్బతిన్నప్పుడు కణం చేసేది అదే. పి53 విరగడం ఆగుతుంది, దాని మట్టం పెరుగుతుంది, కణవిభజన నిలిచిపోతుంది. ప్రొటీన్ల సమతుల్యత, అంటే శాస్త్రవేత్తలు ప్రొటియోస్టాసిస్ అనేది, ఈ కొళాయికీ తూముకీ మధ్య క్షణక్షణం కుదురుతుండే లెక్క. దీన్ని మనసులో పెట్టుకుంటే మిగతాది తేలిక.

అయితే తయారవడం అంటే దండ గుచ్చడంతో అయిపోదు. మన కణాల్లో రైబోసోమ్ సెకనుకు ఐదారు అమైనో ఆమ్లాల చొప్పున దండ గుచ్చి వదులుతుంది. ఆ దండ తనదైన ఆకారంలోకి మడతపడితేనే పనికొస్తుంది. క్రిస్టియన్ ఆన్‌ఫిన్సెన్ 124 అమైనో ఆమ్లాలున్న రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమును రసాయనాలతో పూర్తిగా విప్పేసి, ఆ రసాయనాలను తొలగించి చూశాడు. అది ఎవరి సాయం లేకుండానే పాత ఆకారానికి వచ్చి మళ్లీ పనిచేసింది. ఎలా మడతపడాలన్న సమాచారం ఆ దండలోనే ఉందని నిరూపించినందుకు 1972లో ఆయనకు నోబెల్ వచ్చింది.

కానీ ఆ ప్రయోగం పలచటి ద్రావణంలో జరిగింది. కణం లోపల ఒక్కో మిల్లీలీటరులో 200 నుంచి 300 మిల్లీగ్రాముల ప్రొటీన్ కిక్కిరిసి ఉంటుంది. సగం మడతపడిన దండలో నీటికి దూరంగా ఉండాల్సిన భాగాలు బయటికి కనబడుతుంటాయి. పక్కన అలాంటిదే ఇంకొకటి ఉంటే రెండూ అతుక్కుపోతాయి. వాటికి మూడోది తోడవుతుంది. ముద్ద మొదలయ్యేది ఇక్కడే.

దీన్ని కళ్లారా చూసే అవకాశం మా పనిలో రోజూ ఉండేది. మనిషి ప్రొటీన్ కావాలంటే దాని జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలో పెట్టి, 37 డిగ్రీల దగ్గర పెంచి, కణాలను పగలగొట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతాం. చాలాసార్లు పైన తేలిన ద్రవంలో మా ప్రొటీన్ ఉండదు, ట్యూబ్ అడుగున తెల్లటి ముద్దగా దిగి ఉంటుంది. ఇన్‌క్లూజన్ బాడీలు అంటాం. ఒక ప్రొటీన్‌తో నేను నాలుగు నెలలు ఇలాగే అవస్థ పడ్డాను. చివరికి జన్యువులో ఒక్క అక్షరం మార్చకుండా, పెంచే ఉష్ణోగ్రతను 18 డిగ్రీలకు దించి రాత్రంతా వదిలేస్తే, మర్నాడు ప్రొటీన్ ద్రవంలో కరిగి కనిపించింది. దండ అదే. నెమ్మదిగా తయారైంది కాబట్టి మడతపడటానికి వ్యవధి దొరికింది, పక్కవాటికి అతుక్కోవడం తగ్గింది. ముద్ద కట్టడం ప్రొటీన్ గుణం ఒక్కటే కాదని, అది తయారయ్యే వేగాన్నీ చుట్టూ ఉన్న రద్దీనీ బట్టి ఉంటుందని నాకు ఆ ట్యూబే నేర్పింది.

మన కణాలు ఉష్ణోగ్రత దించుకోలేవు. బదులుగా వాటికి షాపరోన్లు ఉన్నాయి. ఇవి ప్రొటీన్‌కి ఆకారం నేర్పవు, అది దండలోనే ఉంది. తప్పు చోట అతుక్కోకుండా కాస్తంత ఏకాంతం ఇస్తాయి, అంతే. హెచ్‌ఎస్‌పీ70 అనేది బయటపడ్డ జిడ్డు భాగాలను కాసేపు పట్టుకుని వదులుతుంది. బ్యాక్టీరియాలోని గ్రోఈఎల్ ఏడేసి భాగాల రెండు ఉంగరాలతో కట్టిన గది. ప్రొటీన్ లోపలికి వెళ్తుంది, మూత పడుతుంది, కొన్ని సెకన్లు ఒంటరిగా మడతపడే ప్రయత్నం చేస్తుంది, మూత తెరుచుకుంటుంది. కుదరకపోతే మళ్లీ లోపలికి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఇలాంటి గదే ప్రొటీన్లను మడతపెడుతుందని ఆర్థర్ హార్విచ్, ఉల్రిచ్ హార్ట్‌ల్ బృందాలు 1989లో చూపించాయి.

వీటి జాడ మొదట దొరికింది అనుకోకుండా. ఫెరుచియో రిటోసా ఈగల లాలాజల గ్రంథుల క్రోమోజోములను చూస్తుండగా, ఇంక్యుబేటర్ వేడి పెరిగిపోయింది. కొత్త చోట్ల క్రోమోజోములు ఉబ్బి కనిపించాయి. అంటే అక్కడి జన్యువులు హఠాత్తుగా పనిలోకి దిగాయి. 1962లో ఆయన దాన్ని ప్రచురించినప్పుడు పట్టించుకున్నవాళ్లు తక్కువ. వేడికి ప్రొటీన్ల మడతలు విడిపోతుంటే కణం షాపరోన్లను పెంచుకుంటోందని తెలియడానికి ఏళ్లు పట్టింది. ఈగ నుంచి మనిషి దాకా, బ్యాక్టీరియాలో కూడా, ఈ స్పందన ఉంది. జీవానికి ఇది ఎంత పాత బెంగో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక తూము వైపు. ఇక్కడ ఒక చిక్కుప్రశ్న చాలాకాలం ఉండిపోయింది. ప్రొటీన్ విరిగితే శక్తి ఖర్చు కాకూడదు, విరగడం దిగువకు జారే పని. కడుపులోని ఎంజైములు ఏటీపీ (కణం ఖర్చుపెట్టే శక్తి నాణెం) లేకుండానే విరుస్తాయి. మరి కణం లోపల మాత్రం ప్రొటీన్లను విరవడానికి శక్తి కావాల్సి వస్తోంది, ఎందుకు? అవ్‌రామ్ హెర్ష్కో, ఆరన్ చిహనోవర్, ఇర్విన్ రోజ్ 1970ల చివర్లో, 80ల మొదట్లో దీనికి జవాబు కనిపెట్టారు (2004 నోబెల్). ఖర్చు విరవడానికి ఒక్కదానికే కాదు, ఎంచుకోవడానికి కూడా. పారేయాల్సిన ప్రొటీన్‌కి యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్‌ను చీటీలా అంటిస్తారు. ఆ చీటీ మీద ఇంకో చీటీ, గొలుసులా. ఆ గొలుసు చూసి ప్రోటియసోమ్ అనే పీపా ఆకారపు యంత్రం ప్రొటీన్‌ను విప్పి, లోపలికి లాగి ముక్కలు చేస్తుంది. ఎవరికి చీటీ అంటించాలో నిర్ణయించే ఈ3 ఎంజైములు మన జన్యువుల్లో 600కు పైగా ఉన్నాయి. పారేయడానికి ఇంతమంది న్యాయమూర్తులా అని మొదటిసారి చదివినప్పుడు నిజంగా ఆశ్చర్యపోయాను.

ప్రోటియసోమ్ నోటిలో పట్టని పెద్ద ముద్దలకు, పాడైన మైటోకాండ్రియాలకు వేరే దారి ఉంది. చుట్టూ పొర కట్టి సంచిలా చేసి, కణంలో చెత్తను జీర్ణం చేసే తిత్తి అయిన లైసోసోమ్‌కు చేరవేయడం. దీన్నే ఆటోఫేజీ అంటారు. యోషినోరి ఓసుమి 1990ల మొదట్లో ఈస్టు కణాలను ఆకలితో ఉంచి దీన్ని గమనించి, దీన్ని నడిపే జన్యువులను పట్టుకున్నారు. మీరు చదివిన ఉపవాసం కబుర్ల మూలం ఇక్కడే.

ఇప్పుడు జబ్బులకు వద్దాం. మీ ప్రశ్నలో దాగి ఉన్న నమ్మకం, ఎత్తిపోయడం ఎప్పుడూ మంచిదేనని. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బు దాన్ని తలకిందులు చేస్తుంది. సీఎఫ్‌టీఆర్ అనే 1480 అమైనో ఆమ్లాల ప్రొటీన్ ఊపిరితిత్తుల కణాల పైపొర మీద నిలిచి క్లోరైడు అయాన్లను దాటిస్తుంది. ఎక్కువమంది రోగుల్లో 508వ స్థానంలోని ఒక్క ఫినైల్‌అలనిన్ లోపిస్తుంది. దానివల్ల మడత కాస్త సడలుతుంది. కణంలోని తనిఖీ దాన్ని పనికిరానిదిగా జమకట్టి, పైపొరకు చేరకముందే దాదాపు మొత్తాన్ని విరగ్గొట్టేస్తుంది. కానీ కణాలను తక్కువ ఉష్ణోగ్రతలో పెంచితే అదే లోపమున్న ప్రొటీన్ పైకి చేరి కొంత పని చేస్తుందని 1992లో చూశారు (మా 18 డిగ్రీల ట్యూబ్ గుర్తొస్తోందా?). అంటే తప్పు చిన్నది, తీర్పు పెద్దది. ఈ రోగులకు ఎత్తిపోత ఇంకా పెంచితే మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే. వాళ్లకు ఉపయోగపడింది ప్రొటీన్‌కు అతుక్కుని మడతను నిలబెట్టే మందులు. 2019లో అమెరికాలో అనుమతి పొందిన మూడు మందుల కలయికలో రెండు ఆ పని చేస్తాయి, మూడోది పైకి చేరిన ద్వారాన్ని తెరిచి ఉంచుతుంది. ఈ రంగంలో నేను చూసిన విజయాల్లో ఇది అన్నిటికన్నా గొప్పదని నా అభిప్రాయం.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో ఇంకో రకం. హ్యూమన్ పాపిలోమా వైరస్ తన ఈ6 ప్రొటీన్‌తో మన కణంలోని ఈ6ఏపీ అనే చీటీ అంటించే ఎంజైమును పట్టుకుని, దాని చేత పి53కి చీటీ వేయిస్తుంది. కావలి కాయాల్సిన పి53 తయారైనట్టే తయారై మాయమవుతుంది. కంచే చేను మేసినట్టు. ఇదే ఈ6ఏపీ మెదడులో లేకపోతే ఏంజెల్‌మన్ సిండ్రోమ్ అనే తీవ్రమైన ఎదుగుదల లోపం వస్తుంది. ఒకే ఎంజైము తప్పుడు చోట పనిచేసినా జబ్బే, అవసరమైన చోట పని మానినా జబ్బే.

ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపంలో ఒకే మనిషిలో రెండు వైపులా నష్టం కనిపిస్తుంది. ఈ ప్రొటీన్ కాలేయంలో తయారై రక్తంలో వెళ్లి ఊపిరితిత్తులను కాపాడాలి. 342వ స్థానంలో ఒక మార్పు వల్ల అది కాలేయ కణాల్లోనే గొలుసులు కట్టి ఇరుక్కుపోతుంది. కాలేయం పేరుకున్నదానితో చెడుతుంది, ఊపిరితిత్తులు రానిదానితో చెడతాయి.

క్యాన్సర్ చికిత్సలో ఈ తూమునే మూసిన సందర్భమూ ఉంది. మల్టిపుల్ మైలోమా కణాలు యాంటీబాడీలను గుట్టలుగా తయారుచేస్తాయి, అందువల్ల వాటి ప్రోటియసోమ్‌లు ఊపిరాడనంత పనిలో ఉంటాయి. 2003లో అమెరికాలో అనుమతి పొందిన బోర్టెజోమిబ్ ప్రోటియసోమ్‌ను అడ్డుకుంటుంది. మామూలు కణాలు కొంత తట్టుకుంటాయి, మైలోమా కణాలు తమ ప్రొటీన్ బరువు తామే మోయలేక చస్తాయి.

ఇప్పుడు మీకు కావాల్సిన మెదడు జబ్బులు. న్యూరాన్లు, అంటే నాడీకణాలు, విభజన చెందవు. విభజన చెందే కణం పేరుకున్నదాన్ని ఇద్దరు పిల్లలకు పంచి పలచన చేసుకోగలదు, న్యూరాన్‌కు ఆ వీలు లేదు. డెబ్బై ఎనభై ఏళ్లు అదే కణం అదే లెక్క నడుపుకోవాలి. వయసుతో షాపరోన్ల స్పందన, లైసోసోమ్‌ల చురుకు మందగిస్తాయి. అందుకే ఈ జబ్బుల్లో చాలావరకు పెద్ద వయసులో బయటపడతాయి.

పార్కిన్సన్స్‌లో ముద్దకట్టేది ఆల్ఫా-సిన్యూక్లిన్, 140 అమైనో ఆమ్లాలది. 1997లో దాని జన్యువులో ఒక మార్పు కుటుంబాల్లో జబ్బు తెస్తోందని తెలిసింది. నన్ను కదిలించింది మాత్రం 2003 నాటి విషయం. ఒక కుటుంబంలో ఆ జన్యువు ఒక క్రోమోజోము మీద మూడు సార్లు ఉంది. అక్షరం తప్పు లేదు, ప్రొటీన్ మామూలుదే, మోతాదు మాత్రమే ఎక్కువ. జబ్బు చిన్న వయసులోనే, తీవ్రంగా వచ్చింది. కొళాయి కాస్త ఎక్కువ తిప్పి ఉంచితే చాలు, దశాబ్దాల్లో తొట్టి పొంగుతుంది.

తూము చెడిన పార్కిన్సన్స్ కూడా ఉంది. పార్కిన్, పింక్1 అనే జన్యువులు చెడితే పాడైన మైటోకాండ్రియాలను ఎత్తిపోయడం కుంటుపడి చిన్న వయసులో జబ్బు వస్తుంది. జీబీఏ1 అనే జన్యువులో మార్పులున్నవాళ్లకు లైసోసోమ్‌లోని ఒక ఎంజైము మందగించి, పార్కిన్సన్స్ ముప్పు కొన్ని రెట్లు పెరుగుతుంది. మీ ఆలోచన సరిగ్గా వర్తించేది ఇక్కడ. ఆంబ్రాక్సాల్ అనే పాత దగ్గు మందు ఆ ఎంజైముకు షాపరోన్‌లా తోడ్పడుతుందని కనిపించి, దాన్ని పార్కిన్సన్స్‌లో పరీక్షిస్తున్నారు. పరీక్షలో ఉన్నది చికిత్స కాదు. దయచేసి సొంతంగా మొదలుపెట్టకండి.

మరి ముద్దను నేరుగా తీసేస్తే? ఇక్కడ ఒక ప్రయోగం చెప్పాలి. హంటింగ్టన్స్ జబ్బు ప్రొటీన్ ఉన్న న్యూరాన్లను 2004లో ఒక బృందం ఒక్కొక్కదాన్నీ రోజుల తరబడి యంత్రంతో ఫొటోలు తీస్తూ వెంబడించింది. పెద్ద ముద్ద కట్టిన న్యూరాన్లు, కట్టనివాటికన్నా ఎక్కువకాలం బతికాయి. అంటే కనబడే ముద్ద, విడిగా తిరుగుతూ హాని చేసే చిన్న గుంపులను ఒక మూలకు చేర్చే కణం ప్రయత్నం కావచ్చు. మైక్రోస్కోపులో కనిపించేదే దోషి అని తీర్మానించకూడదని నేను నా విద్యార్థులకు ఈ ప్రయోగంతోనే చెప్పేవాణ్ని. అల్జీమర్స్‌లో లెకానెమాబ్ అనే యాంటీబాడీ మందు మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలను బాగా తగ్గించింది. 18 నెలల పరీక్షలో క్షీణత 27 శాతం నెమ్మదించింది. ఆగలేదు, వెనక్కి మళ్లలేదు. కొందరికి మెదడులో వాపు, చిన్న రక్తస్రావాలు వచ్చాయి. ఆ 27 శాతాన్ని నేను తీసిపారేయను. అది నిజమైన లాభం. కానీ ముద్ద పోయినంత మేర జబ్బు పోలేదు.

దీనికి ఎదురుగా ట్రాన్స్‌థైరెటిన్ కథ పెట్టి చూడండి. ఈ ప్రొటీన్ నాలుగు భాగాలు కలిసి రక్తంలో తిరుగుతుంది. ఆ నాలుగూ విడిపోతే ఒక్కొక్కటీ మడత తప్పి, పోగులుగా గుండెలోనూ నరాల్లోనూ పేరుకుంటుంది. జబ్బు తెచ్చే మార్పు ఉన్నా కొందరికి జబ్బు రాకపోవడమో తేలిగ్గా ఉండటమో గమనించారు. వాళ్లలో రెండో జన్యు ప్రతిలో 119వ స్థానంలో ఇంకో మార్పు ఉంది, అది నాలుగు భాగాలను గట్టిగా పట్టి ఉంచుతోంది. ఆ పట్టును అనుకరించేలా తయారైన మాత్ర టఫామిడిస్. గుండె జబ్బు ఉన్న 441 మందితో చేసిన పరీక్షలో 30 నెలల్లో మరణాలు 42.9 శాతం నుంచి 29.5 శాతానికి తగ్గాయి. ఇది పేరుకున్న పోగులను కరిగించదు. భాగాలు విడిపోకుండా ఆపుతుంది. అందుకే నా నమ్మకం: ఈ జబ్బుల్లో పై మెట్టు దగ్గర చేసే పనికి అడుగు మెట్టు దగ్గర చేసే పనికన్నా ఫలితం ఎక్కువ. పార్కిన్సన్స్‌కు అలాంటి మాత్ర ఇంకా లేదు.

ఉపవాసం విషయం. ఆకలి ఆటోఫేజీని పెంచుతుందన్నది ఈస్టులోనూ ఎలుకల్లోనూ గట్టి నిజం. కానీ ఆకలి వేళ శరీరం ఎక్కువగా విరిచేది కండరాల ప్రొటీన్. కండలు కరిగేటప్పుడు పెచ్చరిల్లే చీటీ ఎంజైములు రెండు, ఎట్రోజిన్-1, మర్ఫ్1, 2001లోనే దొరికాయి. పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్లు ఎలాగూ బరువు తగ్గుతుంటారు, తూలి పడే ప్రమాదం ఉంటుంది. మెదడులో ఎత్తిపోత పెరుగుతుందన్న ఆశతో కాళ్లలో కండ పోగొట్టుకోవడం నాకు సమ్మతం కాదు. ఆటోఫేజీ పెంచుతామని అమ్మే గుళికల మీద డబ్బు పెట్టకండి. వ్యాయామం మాత్రం చేయించండి, నడకకూ కదలికలకూ అది చేసే మేలు పార్కిన్సన్స్ రోగుల్లో నేరుగా చూసినదే.

చివరిగా తినే ప్రొటీన్. తిన్నది పేగులో అమైనో ఆమ్లాలుగా విడిపోయాకే ఒంట్లోకి వెళ్తుంది, అది సిన్యూక్లిన్‌ను పెంచదు. కాబట్టి ఆ భయంతో తగ్గించకండి. కానీ నాన్నగారు లెవోడోపా అనే పార్కిన్సన్స్ మందు వాడుతుంటే ఒక విషయం ఉంది. అది కూడా అమైనో ఆమ్లం లాంటిదే. పేగు గోడనూ మెదడు గడపనూ దాటడానికి తిండిలోని అమైనో ఆమ్లాలతో ఒకే ద్వారం దగ్గర పోటీ పడుతుంది. అందువల్ల ప్రొటీన్ ఎక్కువున్న భోజనంతో కలిపి వేసుకుంటే కొందరికి మాత్ర సరిగా పనిచేయదు. మాత్ర వేసుకున్న వేళ, భోజనం వేళ, చేతులు కాళ్లు బిగిసిన వేళ ఒక వారం పాటు కాగితం మీద రాసి పెట్టి న్యూరాలజిస్టుకు చూపించండి. మాత్రను భోజనానికి ఎంత ముందు జరపాలో ఆ కాగితం చూసి ఆయన చెప్పగలరు.